బెల్టు అక్కర్లేని ప్యాంటు

టేపమ్మ మొగుడికి జీన్సు ప్యాంటు కుడతానని కూర్చున్న రోజున ఎవరైనా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి ఉంటే ఎంత బాగుండేదో! కానీ ఎవరాపుతారు? కట్టుకున్నవాడి ఒంటికి అమిరేట్టు ఒక ప్యాంటు కుట్టిపెడతానంటే వద్దనే మనిషి ఎక్కడైనా ఉంటాడా? చెడు వచ్చేటప్పుడు డప్పు కొట్టుకుంటూ రాదు. మంచిపని వెనకాలే చప్పుడు చెయ్యకుండా నడిచొస్తుంది.

మెళ్లో ఎప్పుడు చూసినా కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధివీధంతా ఆవిణ్ణి టేపమ్మ అనే పిలుస్తారు. పదహారేళ్లు ఒక బట్టల దుకాణం వెనకగదిలో కూర్చుని జనం కొనుక్కున్న ప్యాంట్లకి నడుములు బిగించడం, వదులు చెయ్యడం, కాళ్లు మడిచి కుట్టడం, ఇదే ఆవిడ పని. ఆ గదికి కిటికీ లేదు. తలుపు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరి నడుము కనిపించేది, మొహం తర్వాత. ఎదుటివాళ్లు నోరు తెరవకముందే "ముప్పైనాలుగున్నర" అనేసేది. టేపు పెట్టి చూస్తే ముప్పైనాలుగున్నరే. ఆ దుకాణం శాశ్వతంగా మూతపడ్డాక మిషను ఇంటికి తెచ్చుకుని ముందుగదిలో కిటికీ పక్కన వేసుకుంది.

మొగుడు లిఫ్టు మెకానిక్. లిఫ్టాయన అంటారు. "లిఫ్టు బాగున్నంతకాలం నన్నెవడు పిలుస్తాడోయ్! పాడైతేనే పిలుస్తారు. పాడైతే నాకు మెట్లే గతి. ఊరందర్నీ లిఫ్టెక్కించేవాణ్ణి, నా బతుకంతా మెట్లే" అని తనమీద తనే నవ్వుకునే మనిషి. బొజ్జ ముందు నడుస్తుంది, వెనక ఆయన నడుస్తాడు. కాళ్లు మాత్రం సన్నం. కొన్న ప్యాంటు నడుముకి సరిపోతే కాళ్లు గోనెసంచుల్లా ఉండేవి, కాళ్లకి సరిపోతే గుండీకీ కాజాకీ మధ్య జానెడు ఎడం. లిఫ్టు అడుగునుండే గుంటలో రిపేరుకి గొంతుక్కూర్చుంటే ప్యాంటు వెనకనుంచి జారిపోయేది. జారకుండా బెల్టు బిగించీ బిగించీ నడుం చుట్టూ ఎర్రగా వాత తేలింది.

ఆ వాత చూసి టేపమ్మకి ఒళ్లు మండింది. "పదహారేళ్లు ఊళ్లోవాళ్ల నడుములు సర్దాను. మీ నడుముకొచ్చేసరికి నా చేతులు పడిపోయాయా? నేనే కుడతా, చూడండి" అంది.

అప్పుడు ఆడపడుచు అక్కడే ఉంది. ఆయనకి స్వయానా అక్క, నోరు కాస్త చురుకు. "ఇంట్లో జీన్సు కుట్టేదేంటే టేపమ్మా! నాలుగుసార్లు విప్పి కుడితే గానీ అది ఒంటికి అంటుకోదు. ఆ తర్వాతైనా బెల్టు పెట్టాల్సిందే" అంది.

"విప్పే ప్రసక్తే లేదు వదినా. నేను ఒక్కసారి కుట్టానంటే అంతే. బెల్టు కూడా అక్కర్లేదు. ఒక్క కుట్టు విప్పానని తెలిస్తే, ఇదిగో, ఈ టేపు తీసి నీ మెళ్లో వేస్తా."

మాట జారింది. జారిన మాట వెనక్కి రాదు కదా!

నిజం చెప్పొద్దూ, పని మాత్రం అద్భుతంగా చేసింది. మందపాటి డెనిమ్ బట్ట తెచ్చి, ముడుచుకునేదేదో ముందే ముడుచుకోనీ అని రెండుసార్లు వేడినీళ్లలో నానబెట్టి ఆరేసింది. ఆయన్ని నిలబెట్టి కొలిచింది, కూర్చోబెట్టి కొలిచింది, గొంతుక్కూర్చోమని కొలిచింది. "పెళ్లిచూపుల్లో కూడా నన్నింత చూళ్లేదు నువ్వు" అని ఆయన నవ్వితే, "కదలకండి, ముప్పైఎనిమిది" అంది. గోధుమరంగు కాగితం మీద గీసి కత్తిరించి, ముందు పాత దుప్పటితో ఒకటి కుట్టి వేయించి చూసింది. గుంటలో కూర్చునే మనిషి కదా అని వెనకభాగం ఒకటిన్నర అంగుళం ఎత్తు పెంచింది. మిషను సూది విరిగిపోకుండా మందంగా ఉన్న అతుకుల్ని సుత్తితో కొట్టి చదును చేసింది. ఇటుకరంగు దారంతో రెండేసి వరసలు కుట్టింది. నడుము పట్టీని మాత్రం ఒకే ముక్కగా వెయ్యలేదు. వెనక మధ్యలో అతికి, ఆ అతుకుమీద బెల్టు దూర్చే లూపు పెట్టింది. రేపెప్పుడైనా బిగించాలంటే అక్కడ విప్పి కుట్టొచ్చు, లూపు కింద ఎవరికీ కనపడదు. దుకాణం వెనకగదిలో చేతికంటిన అలవాటది. విప్పనని ఒట్టేసింది నోరు. చేతులు మాత్రం విప్పడానికి వీలుగానే కుట్టాయి.

ఆయన వేసుకుని ఇంటి మధ్యలో గొంతుక్కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. అణువంతైనా జారలేదు. ఆడపడుచు వెనకనించి వేలు దూర్చి చూసింది, వేలు ఇరుక్కుంది. "సరేలేవే, గెలిచావు" అంది. ఆయన పాత బెల్టుని చుట్టచుట్టి అటకమీదికి విసిరేశాడు. ఆ మరుసటి వారం ఆడపడుచు వేరే ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అలా ఇంట్లోంచి బెల్టూ పోయింది, ఆడపడుచూ పోయింది. ఉన్నదున్నట్టు చెప్పగలిగినవి ఆ రెండే.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు ఆయన పనికి వెళ్తూ గుమ్మం దగ్గర వంగి బూట్లు వేసుకుంటుంటే నడుము వెనక పట్టీ తేలింది. రెండు వేళ్లు పట్టే సందు. అది టేపమ్మ కంట్లో పడింది.

ఇదే ప్యాంటు వేరే ఇంట్లో, కుట్టుపని తెలియని ఆడది చూసి ఉంటే ఏమనేది? "ఏంటండీ, ఇలా చిక్కిపోయారు!" అనేది. మనిషి వంక చూసేది. టేపమ్మకి పని వచ్చు కదా! డెనిమ్ సాగుతుందని ఆవిడకి తెలుసు. ఒంటిమీది వేడికి, వాడకానికి నడుం దగ్గర అంగుళం దాకా వదులవుతుందని వెనకగదిలో వందమందికి చెప్పింది. 'అయ్యో, సాగేదానికి ముందే తగ్గించి కత్తిరించాల్సింది' అనుకుంది. తప్పు గుడ్డదనుకుంది, కాస్త తనదనుకుంది. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా!

ఉతికే రోజున ఆయన లేని సమయం చూసి లూపు విప్పింది, అతుకు విప్పింది, అంగుళం లోపలికి లాగి, పాత సూదిరంధ్రాల్లోంచే మళ్లీ కుట్టింది. లూపు కింద కప్పేసింది. మర్నాడు ఆయన గుండీ పెట్టుకుని, "ఉతికితే మళ్లీ ఎలా బిగిసిందో చూడు! బట్టంటే ఇదీ!" అని మురిసిపోయాడు. టేపమ్మ నవ్వి ఊరుకుంది. అంగుళంతో పోయేదానికి వదిన దగ్గర పరువు తీసుకోవడం ఎందుకని.

నాలుగో నెలలో మళ్లీ వదులైంది.

రెండుసార్లు నానబెట్టి ఆరేసి, అప్పటికే ఒకసారి సాగిన గుడ్డ మళ్లీ అంగుళం సాగదు. అది కూడా టేపమ్మకి తెలుసు. తెలిసినంత మాత్రాన ఏం లాభం? తెలిసిన సంగతిని పక్కకి నెట్టడానికి మనిషికి వంద సాకులు దొరుకుతాయి. ఎండలో ఎక్కువసేపు ఆరేశానంది, ఇస్త్రీ వేడి ఎక్కువైందంది, దారం మంచిది కాదంది. మనసులోనే అంది, పైకి కాదు. మళ్లీ విప్పింది, మళ్లీ అంగుళం లాగింది. ఆ రోజు సూది మూడుసార్లు చేతికి గుచ్చుకుంది.

ఆయన కంచంలో సగం వదిలేసి లేవడం మొదలుపెట్టింది ఆ నెలలోనే. "బయట ఏదో తిన్నా" అనేవాడు. ఒక సాయంత్రం వచ్చి, "ఇవాళ మూడో అంతస్తులో మెట్లమీద కాసేపు కూర్చుండిపోయానోయ్. ఒకావిడ మంచినీళ్లు ఇచ్చింది" అన్నాడు నవ్వుతూ.

"ఎందుకు కూర్చున్నారు?"

"వయసు రావట్లేదా ఏంటి?" అని కుర్చీలో వాలాడు. నవ్వు మునపటిలాగే ఉంది. కుర్చీలో మాత్రం పక్కన ఇంకో మనిషి కూర్చునేంత చోటు మిగిలింది. అది చూసి టేపమ్మ లోపలికి వెళ్లి ఏ పనీ లేకపోయినా గిన్నెలు సర్దింది.

ఇంకో మూడు వారాలకి ప్యాంటు మళ్లీ వేలాడింది. ఈసారి బిగించడానికి వీల్లేదు. ఇప్పటికే వెనక జేబులు రెండూ పుట్టింటికొచ్చిన అక్కచెల్లెళ్లలా ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. ఇంకా లాగితే ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. అందుకని మిగిలిన డెనిమ్‌తో కొత్త ప్యాంటు మొదలుపెట్టింది.

"మళ్లీ కొలుస్తావా?" అన్నాడాయన చేతులు పైకెత్తి.

టేపు మెళ్లోనే ఉంది. చెయ్యి దానిదాకా వెళ్లింది. వెళ్లి ఆగిపోయింది. కొలిస్తే అంకె తెలుస్తుంది. అంకె తెలిశాక ఇక గుడ్డమీద నెట్టడానికి ఉండదు. ఆవిడకి భయమేసింది. "ఎందుకండీ, పాత కొలతే ఉందిగా" అంది. ఆయన వేసుకున్న ప్యాంటుని వెనకనించి రెండు వేళ్లతో పట్టి, మిగిలినంత గుడ్డని చిటికెలో అంచనా కట్టింది. ముప్పైఐదుంబావుకి కాగితం కత్తిరించింది. కింద పడిన కాగితం పేలికని కాలితో మిషను కిందికి తోసేసింది.

కొత్తది వేసుకుని ఆయన వీధిలో కనపడ్డవాళ్లందరికీ చూపించాడు. "మా ఆవిడ కుట్టింది. పాత కొలతకే, టేపు కూడా పెట్టలేదు!"

ఆరో నెలలో ఆడపడుచు తిరిగొచ్చింది.

గుమ్మంలో సంచి దించి తలెత్తి తమ్ముణ్ణి చూసింది. చూసి అలాగే నిలబడిపోయింది.

"ఒరేయ్! ఏంట్రా ఇది? సగమైపోయావేంట్రా!"

"వచ్చీ రాగానే మొదలుపెట్టావా అక్కా? నాకేమైంది? శుభ్రంగా ఉన్నాను."

"శుభ్రంగా ఉండటం ఇదా? మెడ ఎముకలు కనపడుతున్నాయి. దవడలు లోపలికి పోయాయి. అద్దం లేదా ఇంట్లో?"

"అద్దం దేనికి, ఇదిగో ప్యాంటు ఉందిగా!" అని ఆయన చొక్కా ఎత్తి నడుము చూపించాడు. "నువ్వు చూసి వెళ్లావే, అదే కొలత. వేలు పెట్టి చూడు, దూరుతుందేమో! మనిషి చిక్కితే ప్యాంటు జారదూ?"

ఆడపడుచు వేలు పెట్టింది. దూరలేదు. అయినా మొహంలో అనుమానం పోలేదు. మరదలి వైపు తిరిగింది. "ఏమే, నిజంగా అదే కొలతా?"

చూశారూ, దేవుడు మనిషికి ఇచ్చే అవకాశాలు ఇలాగే ఉంటాయి. తలుపు తట్టి, పేరు పెట్టి పిలిచి మరీ ఇస్తాడు. 'కాదు వదినా, విప్పాను, రెండుసార్లు విప్పాను, ఇది తగ్గించి కుట్టింది' అంటే అయిపోయేది. పోయేదల్లా ఒక టేపు. ఆడపడుచు నాలుగు రోజులు దెప్పేది. ఆ సాయంత్రమే ఆయన్ని లాక్కుని ఆసుపత్రికి వెళ్లేవాళ్లు.

టేపమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. "ఆఁ. అదే కొలత" అంది.

"అయితే నా కళ్లకే ఏదో అయినట్టుంది" అని ఆడపడుచు కూలబడింది. వెళ్లేటప్పుడు వీధి మలుపుదాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

ఆ తర్వాత టేపమ్మకి కంటిమీద కునుకు లేదు. పోనీ చెప్పేద్దామని ఆయన పక్కన కూర్చునేది. ఆయన టీవీ చూస్తూ ఏదో జోకు వేసేవాడు, ఆవిడ నోరు మూతపడేది. ముందు అబద్ధం ఆడపడుచు దగ్గర పరువు కోసం. ఇప్పుడు పరువు ఎటు పోయిందో ఆవిడకే తెలీదు. నోటితో అంటే అది నిజమైపోతుందని భయం. ఇంకో రెండు వారాలకి కొత్త ప్యాంటు కూడా జారింది. ఆవిడ మిషను ముందు కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే విప్పింది. అంగుళం ముప్పావు. ఒక్కసారే అంత. నేనైతే అక్కడే రెండు చెంపలూ వాయించి ఉండేవాణ్ణి. కానీ ఆ గదిలో ఎవరున్నారు? ఆవిడా, మిషనూ.

ఏడో నెలలో, ఒక పెద్ద భవనం పైఅంతస్తులో, లిఫ్టు మోటారు గదిలో ఆయన కళ్లు తిరిగి పడిపోయాడు. కూడా పనిచేసే ఆయన మోసుకుని ఇంటికి తెచ్చాడు. మంచంమీద దించుతూ, "ఏంటమ్మా, ఈయన పక్షిలా తేలిగ్గా ఉన్నాడు! నేనొక్కణ్ణే ఎనిమిది అంతస్తులు దింపాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ చిన్నది, ఓపిక ఉన్న మనిషే, కానీ బయట నలభైమంది కూర్చున్నారు. గుండె చూసింది, కళ్లు చూసింది, నాలుక చూసింది.

"ఆకలి ఎలా ఉంది?"

"పర్లేదండీ. ఎండలకి కాస్త తగ్గింది."

"ఈమధ్య బరువేమైనా తగ్గారా? ఇంతకుముందు ఎప్పుడైనా చూపించుకున్నారా, మీ పాత బరువెంతో తెలుసా?"

"ఆసుపత్రి గుమ్మం తొక్కడం ఇదే మొదలండీ. తగ్గలేదు మాత్రం. ఆ విషయం గట్టిగా చెప్పగలను." ఆయన గర్వంగా నడుం తట్టుకున్నాడు. "ఇవి మా ఆవిడ ఇంట్లో కుట్టిన ప్యాంట్లు. సరిగ్గా నా ఒంటి కొలతకి. ఏడు నెలలైంది, బెల్టు లేకుండా తిరుగుతున్నా. వెంట్రుకంతైనా వదులవలేదు."

డాక్టరమ్మ మొహంలో బిగువు సడలింది. కాగితం మీద రాసుకుంటూ పైకే అంది. "బరువు తగ్గలేదు. మంచిది. అలసట అయ్యుంటుంది, రక్తం కాస్త తక్కువుంది. రెండు నెలలు ఈ మాత్రలు వాడండి. తర్వాత కూడా ఇలాగే ఉంటే అప్పుడు పరీక్షలు చేద్దాం."

రెండు నెలలు. టేపమ్మకి లెక్క తెలుసు. రెండు నెలలంటే ఎన్ని అంగుళాలో ఆ గదిలో ఆవిడకొక్కదానికే తెలుసు. ఆయన అప్పటికే కుర్చీలోంచి లేచి కాగితం కోసం చెయ్యి చాపాడు.

"అమ్మా, ఆగండి" అంది. "తగ్గారు. నేనే విప్పి కుట్టాను."

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

"ఆయనకి తెలీదు. ఆయన లేనప్పుడు కుట్టాను. మొదట అంగుళం. నాలుగో నెలలో ఇంకో అంగుళం. కొత్త ప్యాంటు ముప్పావు తగ్గించి కత్తిరించాను. మొన్న మళ్లీ అంగుళం ముప్పావు బిగించాను. ముప్పైఎనిమిది నడుము, ఇప్పుడు ముప్పైమూడున్నర. నాలుగున్నర అంగుళాలమ్మా. గుడ్డ సాగిందనుకున్నాను. అనుకోలేదు... అనుకోవాలని అనుకున్నాను."

డాక్టరమ్మ మాత్రలు రాసిన కాగితాన్ని అడ్డంగా కొట్టేసింది. ఆయన్ని మళ్లీ బల్లమీద పడుకోమని పొట్టమీద చెయ్యి పెట్టి నొక్కింది. ఒకచోట ఆగింది. అక్కడే మళ్లీ నొక్కింది. ఈసారి చాలాసేపు నొక్కింది. ఫోనెత్తి, "ఇప్పుడే పంపిస్తున్నాను, వరస చూడకండి" అని ఎవరితోనో చెప్పింది. చేతులు కడుక్కుంటూ, టేపమ్మ మొహం చూడకుండా, "మూడు నెలల ముందు వచ్చి ఉంటే బాగుండేది" అంది.

స్కానింగు గది బయట బల్లమీద ఇద్దరూ కూర్చున్నారు. టేపమ్మ తిట్టు కోసం ఎదురుచూసింది. ఒక దెబ్బ కొట్టినా బాగుండుననుకుంది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా ఉన్న తలుపు చూస్తూ కూర్చున్నాడు. మెడ నిజంగానే ఎంత సన్నబడిందో! ఆవిడ ఇన్నాళ్లకి ఆ మెడని నేరుగా చూసింది.

"నాకూ అనుమానమేనోయ్" అన్నాడు. గొంతులో కోపం లేదు. "మొదట్నించీ. పొద్దున లేవగానే భయమేసేది. చేతులు చూసుకుంటే నావి కానట్టుండేవి. నీకు చెబితే హడలిపోతావని చెప్పలేదు. అప్పుడు ప్యాంటు వేసుకునేవాణ్ణి. గుండీ సరిగ్గా పట్టేది. నువ్వు కుట్టింది కదా, అది అబద్ధం చెప్పదనుకునేవాణ్ణి. 'హమ్మయ్య, నాకేం లేదు' అనుకుని పనికి పోయేవాణ్ణి. రోజూ అంతే."

టేపమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. లోపలినుంచి నర్సు వచ్చి వాళ్ల నంబరు పిలిచింది. ప్యాంటు విప్పి గౌను కట్టుకోవాలని చెప్పింది. ఆయన లేచి లోపలికి వెళ్లాడు. రెండు నిమిషాల తర్వాత నర్సు ఆ ప్యాంటుని మడతపెట్టి తెచ్చి, "ఇది మీ దగ్గరుంచుకోండి" అని టేపమ్మ చేతుల్లో పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది.